ఆఖరి బార్జికి జాబితా

కుస్కోక్విమ్ నది ఇంకా కదులుతోంది.
అంచుల్లో మాత్రం పాలమీగడలా మంచు.
పదకొండు రోజుల్లో ఆఖరి బార్జి.
ఆ తర్వాత ఏది విరిగినా
వసంతం దాకా విరిగే ఉంటుంది.
చిన్న విమానం వస్తుంది, రాదనను.
మబ్బు ఒప్పుకున్న రోజున,
సరుకు కంటే బాడుగే బరువుగా.

పిండి, పంచదార, కిరసనాయిలు,
స్నో మెషీన్ బెల్టులు
వీటికి ఆలోచించను, చెయ్యి దానంతట అదే రాస్తుంది.
ఎవాన్ వదిలిపోయిన అర దగ్గరికొచ్చేసరికి
పెన్సిలు ఆగుతుంది.
తుపాకీ విడిభాగాలు.

"మనిషి కంటే ముందు స్ప్రింగు అలిసిపోతుంది, అగాఫ్యా,
ఒకటి ఎక్కువే తెప్పించు" అనేవాడు.
ఆయన తెప్పించినవాటిలో సగం
నూనె కాగితాల్లో ఇంకా నిద్రపోతున్నాయి.
ఆ తుపాకులు చేసిన కంపెనీ మూతపడింది.
వాటిని మోసిన ముసలాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.
డబ్బు ఇనుమై కూర్చుంది.

తెప్పించకపోతే?

పోయిన జనవరిలో వాసిలీ తుపాకీకి
ఎక్స్‌ట్రాక్టర్ కొస విరిగింది.
పేలిన తోటా గొట్టంలోనే ఇరుక్కుంది.
గాయపడని మూస్ దుప్పి ఒకసారి అతన్ని చూసి
తాపీగా విల్లో పొదల్లోకి నడిచింది.
ఆరుగురున్న ఇల్లు.
ఊరు మాంసం పంచింది, పంచుతుంది.
అయినా ఆ నెలంతా నా దగ్గర
డబ్బా చేపలు అప్పు రాయించుకున్నారు.
గోరంత ముక్క పదిహేడు డాలర్లు.
అప్పు మూడొందల నలభై.
కొండంత అని ఊరికే అనలేదు పెద్దలు.
ఆ రాత్రి పద్దు మూస్తుంటే సిగ్గేసింది:
నా అరలో అది లేకపోవడమే
నా కొట్టుకి లాభం.

ఫైరింగ్ పిన్ దగ్గర ఇంకా కష్టం.
నేను దాన్ని సూది అంటాను.
సూదిలాగే ఉంటుంది, కుట్టేది మాత్రం కాదు.

టీ డబ్బాలో ఒకటుంది. ధర చీటీ లేదు.
రెండేళ్ల కింద ఒలింకా తెచ్చింది,
కొట్టు మూసేవేళ, చేతిగుడ్డలో చుట్టి.
"మా నికిఫర్ తుపాకీది. వాడికి చెప్పకు.
చెప్పినా ఫర్లేదు.
ఈ చలికాలం మా ఇంట్లో ఉండకూడదు."
వాడి అన్నకేమైందో ఊరందరికీ తెలుసు.
నేనేమీ అడగలేదు.
టీ పెట్టాను. తాగింది. వెళ్లింది.
గుడ్డ మర్చిపోయింది.

అదే రకం తుపాకులు ఊళ్లో తొమ్మిది.
ఈ చలికి ఒక్కటైనా విరుగుతుంది.
కొత్త సూదులు తెప్పించి అరలో పెడితే
పద్దెనిమిది డాలర్లు పట్టుకుని నికిఫర్ వస్తే?
లేదని అబద్ధమాడనా?
ఉందని చేతిలో పెట్టనా?
ఎవాన్ని అడుగుదామంటే
ఆయన కాలంలో ఈ లెక్క మా కౌంటరు దాకా రాలేదు.
వచ్చిందేమో, నాకు చెప్పలేదు.

నిన్న వాడే వచ్చాడు.
బురద బూట్లు గుమ్మంలో విడిచాడు.
పొడుగయ్యాడు. గోళ్లకింద చేప పొలుసులు.
"అమ్మ నీ దగ్గరే పెట్టింది కదా."
అవునన్నాను.
నా చెయ్యి డబ్బా దాకా వెళ్లింది.
"ఇప్పుడొద్దు. పెద్దబాతులు వచ్చాక అడుగుతా.
అప్పటిదాకా మామయ్యతోనే వెళ్తా,
మామయ్య తుపాకీతోనే."
అగ్గిపెట్టె కొన్నాడు. రెండు చాక్లెట్లు.
చిల్లర లెక్కపెట్టకుండా జేబులో వేసుకున్నాడు.

ఇవాళ జాబితా ముగించాను.
ఎక్స్‌ట్రాక్టర్లు నాలుగు, అందులో ఒకటి వాసిలీకి ఊరికే.
స్ప్రింగులు పన్నెండు.
గ్రాఫైటు పొడి, చలికి నూనె బంకవుతుంది కనక.
సూదులు రెండు. అవి అరలోకి రావు,
నా గదిలో ఉంటాయి,
అడిగినవాళ్ల మొహం చూశాకే బయటికొస్తాయి.
టీ డబ్బాలోది ఏ లెక్కలోకీ రాయలేదు.

కిటికీలోంచి చూస్తే
మీగడ ఇంకాస్త మందమైంది.
కిరసనాయిలు దగ్గర అంకె కొట్టేసి
ఒక పీపా ఎక్కువ రాశాను.